ర్యాంప్ కట్టేస్తే అయిపోయినట్టేనా?

ప్రశ్న: మా సంఘానికి రెండంతస్తుల పాత భవనం ఉంది. కింద చదువుకునే గది, పైన సభలు జరుపుకునే హాలు. ఇప్పుడు దాన్ని బాగుచేయిస్తున్నాం. పనులు చూసే కమిటీలో నేనూ ఉన్నాను. "అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం అందరికీ వీలుగా ఉండాలి" అని తీర్మానం రాసుకున్నాం. గుమ్మం దగ్గర మెట్లన్నీ కలిపి రెండడుగుల ఎత్తు, వాటి ముందు జాగా పది అడుగులు. కాంట్రాక్టర్ ఆ పది అడుగుల్లో ర్యాంప్ వేసి, టాయిలెట్ తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ అంటిస్తే అయిపోతుందంటున్నాడు. నెట్‌లో వెతికితే ఐఎస్‌ఓ, ఏడీఏ, ఈఎన్ అంటూ బోలెడు పేర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో కొలత. ఏది పాటించాలో తెలియక టెన్షన్‌గా ఉంది. పైగా కమిటీలో ఒక పెద్దాయన, "ఇన్నేళ్లలో చక్రాల కుర్చీలో ఒక్కరూ రాలేదు, ఎవరి కోసం ఇదంతా?" అంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలి? కాంట్రాక్టర్‌కు ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ పెద్దాయన ప్రశ్న సంగతి చూద్దాం. దానికి కమిటీలో అందరూ ఒప్పుకునే జవాబు దొరక్కపోతే, రేపు ప్రతి అంగుళం దగ్గరా మీరు బేరమాడుతూ కూర్చోవాల్సి వస్తుంది.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నిజంగానే ఎవరూ వచ్చి ఉండరు. గుమ్మం ముందు రెండడుగుల మెట్లుంటే ఎలా వస్తారు? గేటు దాకా వచ్చి, మెట్లు చూసి వెనక్కి తిరిగిపోయినవాళ్ల పేర్లు మీ హాజరు పుస్తకంలోకి ఎక్కవు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఒక కాలు ఈడ్చి నడిచే రోజుల్లో, ఎక్కడికి బయల్దేరదామన్నా ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు: అక్కడ మెట్లెన్ని, టాయిలెట్ ఎక్కడ. మేం సరిగా చెప్పలేకపోతే "మీరు వెళ్లి రండి, నాకు ఓపిక లేదు" అనేసేవారు. ఆయనకు లేనిది ఓపిక కాదని మాకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది. నేను ఈ కొలతల పనిలోకి దిగడానికి కారణం కూడా అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో బతుకుతున్నవాళ్లు దాదాపు 130 కోట్లు. ప్రతి ఆరుగురిలో ఒకరు. వీళ్లలో చక్రాల కుర్చీ వాడేవాళ్లు ఒక భాగం మాత్రమే. చూపు తగ్గినవాళ్లు, వినపడనివాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు, చేతివేళ్లు బిగుసుకుపోయి గుండ్రటి తలుపు పిడి తిప్పలేనివాళ్లు, పది అడుగులు నడిస్తే ఆయాసం వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. అమెరికాలోని బర్క్‌లీ నగరంలో 1970ల మొదట్లో వైకల్యం ఉన్న యువత పట్టుబట్టి ఫుట్‌పాత్ అంచుల్ని వాలుగా చేయించుకున్నారు. అలాంటి వాలు ఎక్కడున్నా కాసేపు నిలబడి చూడండి. చక్రాల కుర్చీ వాడేవాళ్లకన్నా పసిపిల్లల్ని బండిలో తోసుకెళ్లేవాళ్లు, సామాను లాక్కెళ్లేవాళ్లు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లే ఎక్కువమంది దాని మీదుగా వెళ్తారు. మీ పెద్దాయనకు ఈ అంకెలన్నీ చెప్పకపోయినా పర్లేదు. ఆయన ఈడువాళ్లలో మీ సభలకు రావడం మానేసినవాళ్లు ఎవరెవరో పేర్లు గుర్తు చేసుకోమనండి, చాలు.

ఇక ప్రమాణాల గొడవ. పేర్లు చాలా ఉన్నా, ఏది ఏ పని చేస్తుందో తెలిస్తే కంగారు తగ్గుతుంది.

అన్నిటికీ పైన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ఉంది. 2006 డిసెంబర్ 13న ఆమోదించారు, 2008 మే 3న అమల్లోకి వచ్చింది. అందులో 9వ అధికరణ భవనాలు, రోడ్లు, రవాణా, సమాచారం అన్నీ అందరికీ అందుబాటులో ఉండేలా చూడడం ప్రభుత్వాల బాధ్యత అంటుంది. కానీ తలుపు ఎన్ని అంగుళాలు ఉండాలో అది చెప్పదు. ఆ పని ఐఎస్‌ఓ 21542 చేస్తుంది. భవనాల అందుబాటు గురించి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2011లో తెచ్చి, 2021లో సవరించిన పత్రం అది. బయటి దారి నుంచి అత్యవసర ద్వారం దాకా అన్నీ అందులో ఉంటాయి. అయితే అది దానంతటది చట్టం కాదు. ఏ దేశమైనా దాన్ని తన నిబంధనల్లోకి తీసుకుంటేనే అక్కడ చట్టబలం వస్తుంది.

ఆ తర్వాత దేశాల సొంత నియమాలు. అమెరికాలో 1961లోనే ఏ117.1 అనే ప్రమాణం వచ్చింది. 1990లో వైకల్యం ఉన్నవాళ్ల పట్ల వివక్ష చూపకూడదంటూ ఏడీఏ చట్టం చేశారు. మీరు నెట్‌లో చూసిన ఏడీఏ కొలతలు ఎక్కువగా 2010 నాటి ప్రమాణాలవి. బ్రిటన్‌కు బీఎస్ 8300 అనే ప్రమాణం, దాంతోపాటు భవన నిబంధనల్లోని డాక్యుమెంట్ ఎం ఉన్నాయి. యూరప్‌లో 2021లో ఈఎన్ 17210 అనే ప్రమాణం వచ్చింది. అది ముందు "ఈ చోట మనిషి ఏం చేయగలగాలి" అని చెప్తుంది, అంకెలు వేరే పత్రంలో ఇస్తుంది. ఆ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే కారణం తెలిసినవాడు కొలత తప్పడు.

మీరు చేయాల్సింది ఇది. మీ దేశంలో, మీ ఊళ్లో అమల్లో ఉన్న భవన నియమాలే మొదట చదవండి. చట్టం అదే, దానికి తగ్గడానికి వీల్లేదు. అది ఏమీ చెప్పని చోట, లేదా చెప్పింది ఇరుకుగా అనిపించిన చోట ఐఎస్‌ఓ 21542 చూడండి. ఐఎస్‌ఓ పత్రాన్ని కొనుక్కోవాలి. ఏడీఏ ప్రమాణాలు, బ్రిటన్ డాక్యుమెంట్ ఎం మాత్రం నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. నేను కింద ఇచ్చే కొలతలు ఎక్కువగా ఆ రెండిట్లోవే. ఒక్క జాగ్రత్త: ఒక పత్రంలోంచి అన్నిటికన్నా తక్కువ వెడల్పు, ఇంకోదాంట్లోంచి అన్నిటికన్నా నిటారు వాలు ఏరుకుని కలపకండి. ఏ ప్రమాణమైనా ఒక కొలతను ఇంకో కొలతతో సరిచూసుకుని రాసింది. కలగాపులగం చేస్తే కాగితం మీద అన్నీ పాసవుతాయి, మనిషి మాత్రం మధ్యలో ఇరుక్కుంటాడు.

ఇప్పుడు మీ ర్యాంప్. కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ కాంట్రాక్టర్ చెప్పింది ప్రమాదకరం.

దాదాపు అన్ని చోట్లా వినపడే అంకె 1:12. ఒక అంగుళం పైకి ఎక్కాలంటే 12 అంగుళాల పొడవు కావాలని అర్థం. మీ మెట్ల ఎత్తు రెండడుగులు, అంటే 24 అంగుళాలు. దానికి 24 అడుగుల వాలు కావాలి. పది అడుగుల్లో వేస్తే అది 1:5 అవుతుంది. ఈ తేడా చేతికి ఎలా తెలుస్తుందో చూడండి. మనిషి, కుర్చీ కలిపి 100 కిలోలు అనుకుందాం. 1:12 వాలు మీద ఆ కుర్చీ ఎనిమిది కిలోల బరువుతో వెనక్కి లాగుతుంది. 1:5 మీద ఇరవై కిలోలు లాగుతుంది. సొంత చేతులతో చక్రాలు తిప్పుకునే మనిషి, ఒక్కసారి చేయి వదిలితే వెనక్కి దొర్లిపోయే చోట, ఇరవై కిలోలతో పోరాడుతూ ఎక్కాలన్నమాట. దిగేటప్పుడు ఇంకా భయం. అలాంటి ర్యాంప్ కట్టడం కన్నా కట్టకపోవడమే మేలు. మెట్లు చూస్తే మనిషి ఆగుతాడు. ర్యాంప్ చూస్తే నమ్మి ఎక్కుతాడు.

1:12 కూడా హాయిగా ఎక్కే వాలు కాదు, అది చివరి హద్దు. అమెరికా ప్రమాణం ఆ వాలులో ఒక్క విడతలో 30 అంగుళాల ఎత్తు దాకా ఒప్పుకుంటుంది. బ్రిటన్ డాక్యుమెంట్ అంత నమ్మకం పెట్టుకోదు. 1:12 వాలును 2 మీటర్ల పొడవు వరకే ఒప్పుకుంటుంది. 1:15 అయితే 5 మీటర్లు, 1:20 అయితే 10 మీటర్లు. వాలు ఎంత నిటారుగా ఉంటే ఊపిరి పీల్చుకునే చోటు అంత త్వరగా రావాలనేది వాళ్ల లెక్క. నేను బ్రిటన్ లెక్క వైపే ఉంటాను. మీ రెండడుగుల ఎత్తును ఒక్కో అడుగు చొప్పున రెండు విడతలు చేసి, 1:15 వాలు ఇచ్చారనుకోండి. ఒక్కో విడత 15 అడుగులు వస్తుంది, మధ్యలో ఐదడుగుల సమతలం. తిన్నగా వేయడానికి జాగా లేదు కాబట్టి గోడ వెంబడి వేసి, వెనక్కి మడవండి. నాలుగేసి అడుగుల వెడల్పున రెండు వరుసలు మీ పది అడుగుల్లో పట్టేస్తాయి. గోడ పొడవు ఎంతో మీరు రాయలేదు. మలుపు దగ్గర ఐదడుగులు, పైన తలుపు ముందు ఐదడుగులు కలుపుకుంటే ఒక పాతికడుగులు కావాలి. అంత లేకపోతే భవనం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. వెనకో పక్కనో నేల ఎత్తుగా ఉండి, అక్కడి తలుపు దగ్గర అడుగు ఎత్తే ఉండొచ్చు. అలా దొరికితే దాన్నే అందరి ప్రధాన ద్వారం చేయండి. వైకల్యం ఉన్నవాళ్లను మాత్రం చెత్తడబ్బాల పక్కనుంచి పెరటి దారిన రమ్మనకండి. ఏ దారీ కుదరకపోతే, కుర్చీతో సహా మనిషిని కొద్ది ఎత్తుకు లేపే చిన్న ప్లాట్‌ఫాం లిఫ్ట్ గురించి ఆలోచించాలి.

వాలుకు రెండు వైపులా 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో పట్టుకునే కమ్మీలు ఉండాలి. కమ్మీ వాలు దగ్గరే ఆగిపోకుండా కిందా పైనా ఇంకో 12 అంగుళాలు ముందుకు రావాలి. తూలే మనిషికి ఆధారం అవసరమయ్యేది సరిగ్గా వాలు మొదలయ్యే చోట, ముగిసే చోట. అంచుల్లో నాలుగు అంగుళాల గట్టు ఉంటే ముందు చక్రం జారి కింద పడదు. తడిస్తే జారే నున్నటి పలకలు వద్దు. ఇంకోటి, ర్యాంప్ కోసం మెట్లు పగలగొట్టించకండి. కృత్రిమ కాలు ఉన్నవాళ్లకు, చంకకర్రలతో నడిచే కొందరికి వాలు కన్నా మెట్లే సులువు. అందుకే బ్రిటన్ డాక్యుమెంట్ ర్యాంప్ ఎత్తు 300 మిల్లీమీటర్లు దాటితే పక్కన మెట్లు కూడా ఉండాలంటుంది.

ర్యాంప్ ఎక్కి వచ్చిన మనిషి తలుపు దగ్గర ఆగిపోతే ఇంత శ్రమా వృథా. కొలవడానికి వెళ్లిన ప్రతిచోటా నేను ఒకటే చూస్తాను: గేటు నుంచి కుర్చీ దాకా, కుర్చీ నుంచి టాయిలెట్ దాకా, అక్కడినుంచి మళ్లీ వీధి దాకా దారి ఎక్కడా తెగకుండా ఉందా అని. ఒక్క గడప ఎత్తుగా ఉన్నా ఆ దారి తెగినట్టే. ఏడీఏ ప్రమాణం గడపకు ఇచ్చే హద్దు అర అంగుళం.

తలుపుల కొలతలో దాదాపు అందరూ పొరబడతారు. అమెరికా ప్రమాణం 32 అంగుళాల దారి ఉండాలంటే, వడ్రంగి 32 అంగుళాల తలుపు తెచ్చి పెడతాడు. కానీ ప్రమాణం అడిగేది తలుపు రెక్క వెడల్పు కాదు. తలుపును 90 డిగ్రీలు తెరిచి పట్టుకున్నాక, రెక్కకూ ఎదుటి చట్రానికీ మధ్య మిగిలిన ఖాళీ. రెక్క మందం, చట్రం గాడి పోగా 32 మిగలాలంటే రెక్క 34 నుంచి 36 అంగుళాలు ఉండాలి. పిడి గుండ్రంగా కాకుండా, మోచేత్తో నొక్కినా తెరుచుకునే పొడవాటి పిడి పెట్టించండి. దానంతటదే మూసుకునే స్ప్రింగ్ ఉంటే మరీ గట్టిగా బిగించొద్దు. లోపలి తలుపులకు ఏడీఏ హద్దు 5 పౌండ్ల బలం, అంటే రెండుంపావు కిలోల తోపు.

ఇక టాయిలెట్. బొమ్మ అంటించడం గురించి మీ కాంట్రాక్టర్ అన్న మాట నాకు బాధ కలిగించింది. చక్రాల కుర్చీ బొమ్మను 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసింది. చిన్న మార్పుతో 1969లో దాన్ని అంతర్జాతీయ గుర్తుగా తీసుకున్నారు. ఆ బొమ్మ తలుపు మీద ఉందంటే "లోపల మీ అవసరం తీరుతుంది" అని మాట ఇచ్చినట్టు. అవతలి మనిషి ఆ మాట నమ్మి, నీళ్లు తాగి, ధైర్యంగా ఇంట్లోంచి బయల్దేరతాడు.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి ఊహించండి. కుర్చీ లోపలికి రావాలి, తలుపు వేసుకోవాలి, కుర్చీ తిరగాలి, కమోడ్ పక్కకు చేరాలి, కమ్మీ పట్టుకుని మనిషి ఒంటిని కుర్చీలోంచి కమోడ్ మీదికి మార్చుకోవాలి. తర్వాత ఇదంతా వెనక్కి. కొలతలన్నీ ఈ కదలికల్లోంచి పుట్టినవే. కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల, అంటే దాదాపు ఐదడుగుల వలయం ఖాళీగా కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకుంటే ఆ వలయాన్ని తినేస్తుంది. పైగా లోపల మనిషి పడిపోతే తలుపుకు అడ్డం పడి ఎవరూ తెరవలేరు. కమోడ్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో, కమ్మీలు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. కమ్మీ 250 పౌండ్ల బరువు, అంటే 113 కిలోలు మోయాలని ఏడీఏ అంటుంది. పలచటి పార్టిషన్ గోడకు రెండు మరలు బిగించి అదే కమ్మీ అంటే, నమ్మి బరువు వేసిన మనిషితో పాటు ఊడి వస్తుంది. గోడ కట్టేటప్పుడే ఆ చోట గట్టి ఆధారం పెట్టించాలి. తర్వాత చేద్దామంటే పలకలు పగలగొట్టాల్సిందే.

వాష్‌బేసిన్ కింద మోకాళ్లు దూరేంత ఖాళీ ఉండాలి, దాని అంచు 34 అంగుళాలకు మించొద్దు. సాయానికి పిలిచే ఎర్ర తాడు పెడితే అది దాదాపు నేల దాకా వేలాడాలి. బ్రిటన్‌లో ఆ తాడుకు రెండు కడియాలు ఉండాలని నియమం, కింది కడియం నేలకు 100 మిల్లీమీటర్ల ఎత్తులో. పడిపోయిన మనిషికి అందాలి కదా. తుడిచేటప్పుడు అడ్డమని దాన్ని ముడేసి పైకి కట్టేయడం చాలాచోట్ల జరుగుతుంది. మీ శుభ్రం చేసేవాళ్లకు ఆ తాడు ఎందుకుందో ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

ఒక కార్యాలయంలో కొలతలన్నీ సరిగ్గా ఉన్న టాయిలెట్ చూశాను. తలుపు, కమ్మీలు, వలయం అన్నీ లెక్క ప్రకారమే. కానీ తెరవగానే చీపుర్లు, బకెట్లు, విరిగిన కుర్చీలు. "ఎవరూ వాడట్లేదని పెట్టాం" అన్నారు. తాళం ఎక్కడుందో తెలిసిన మనిషి ఆ రోజు సెలవు. తాళం వేస్తేనే శుభ్రంగా ఉంటుందని మీ కమిటీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

చూపు లేనివాళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. తప్పుపట్టడం లేదు, అందరూ చక్రాల కుర్చీ దగ్గరే ఆగిపోతారు. రైల్వే స్టేషన్లలో నేల మీద కనిపించే గీతల, చుక్కల పలకలు జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే కనిపెట్టినవి. మొదటిసారి 1967 మార్చి 18న ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర రోడ్డు మీద పరిచారు. పొడవాటి గీతలుంటే "ఇటే నడవండి" అని, గుండ్రటి చుక్కలుంటే "ఆగండి, ముందు ఏదో ఉంది" అని అర్థం. వాటికి ఐఎస్‌ఓ 23599 అనే ప్రమాణం ఉంది. అందానికని చుక్కల పలకలు ఎక్కడ పడితే అక్కడ పరిచేస్తే, చదవడానికి వీల్లేని అక్షరాలు రాసినట్టే. మీ భవనానికి గేటు నుంచి తలుపు దాకా ఒక గీతల వరుస, మెట్ల మొదట్లో చివర్లో చుక్కలు సరిపోతాయి. ఆ వరుస మీద బళ్లు నిలపనివ్వకండి.

కర్రతో నడిచేవాళ్లకు ఇంకో ప్రమాదం గోడల్లో ఉంటుంది. కర్ర నేల దగ్గర ఉన్నదాన్నే పట్టుకుంటుంది. 27 అంగుళాల కన్నా కిందికి ఉన్న వస్తువు కర్రకు తగులుతుంది. దానికన్నా పైన గోడకు వేలాడే పెట్టె, మంటలార్పే సిలిండర్, తెరిచి ఉన్న కిటికీ రెక్క కర్రకు తగలవు, నేరుగా ఛాతీకో ముఖానికో తగులుతాయి. అందుకే 27 నుంచి 80 అంగుళాల ఎత్తు మధ్య ఏదీ దారిలోకి 4 అంగుళాలకు మించి పొడుచుకు రాకూడదని ఏడీఏ నియమం. మీది రెండంతస్తులు కాబట్టి మెట్ల కింద ఏటవాలు ఖాళీ ఉంటుంది. తల తగిలేంత ఎత్తు తగ్గే చోట చిన్న గోడో గట్టో కట్టి మూసేయండి.

చూపు పూర్తిగా పోయినవాళ్ల కన్నా మసకగా కనిపించేవాళ్లే ఎక్కువ. వాళ్లకు రంగుల తేడా కావాలి. తెల్ల గోడకు తెల్ల తలుపు, లేత నేలకు లేత మెట్లు ఉంటే అన్నీ ఒకటే పరుపులా కనిపిస్తాయి. ప్రతి మెట్టు అంచుకీ ముదురు రంగు పట్టీ వేయించండి. గాజు తలుపు ఉంటే కంటి ఎత్తులో గుర్తులు అంటించండి. మీ మొత్తం పనిలో అతి తక్కువ శ్రమతో ఎక్కువమందిని పడిపోకుండా కాపాడేది ఆ మెట్ల పట్టీయే.

వినికిడి యంత్రం వాడేవాళ్ల కోసం సభల హాలులో ఇండక్షన్ లూప్ అనే తీగ చుట్టూ వేయొచ్చు. మైకులో మాట గది రొద లేకుండా నేరుగా యంత్రంలోకి వెళ్తుంది. దాని నాణ్యతకు ఐఈసీ 60118-4 అనే ప్రమాణం ఉంది. మాట్లాడేవాళ్ల ముఖం మీద వెలుగు పడేలా చూడండి, పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్లుంటారు.

మీ భవనంలో అసలు చిక్కు పై హాలు. కింద ఎంత బాగు చేసినా, నిర్ణయాలు జరిగే సభ పైనే ఉంటే, మెట్లు ఎక్కలేనివాళ్లకు చదువుకునే హక్కు ఉంది కానీ మాట్లాడే హక్కు లేదన్నట్టు అవుతుంది. లిఫ్ట్ పెట్టగలిగితే లోపలి గది కనీసం 1100 × 1400 మిల్లీమీటర్లు ఉండేలా చూడండి. కుర్చీలో మనిషి, పక్కన తోడు ఒకరు పడతారు. యూరప్‌లో లిఫ్ట్‌ల అందుబాటుకు ఉన్న ఈఎన్ 81-70 ప్రమాణంలోని కొలత అది. మీటలు కూర్చున్న మనిషికి అందాలి, వాటి మీద చేతికి తగిలే అంకెలు, బ్రెయిలీ ఉండాలి, ఏ అంతస్తు వచ్చిందో మాటలో వినపడాలి. లిఫ్ట్‌కు ఇప్పుడు స్తోమత లేకపోతే సిగ్గుపడాల్సిన పనిలేదు. సభల్ని కిందికి దించేయండి. పైన పుస్తకాల నిల్వ, కార్యాలయం పెట్టుకోవచ్చు. లిఫ్ట్ కోసం ఒక మూల జాగా మాత్రం ఇప్పుడే వదిలిపెట్టి, అందులో ఏదీ కట్టకండి.

పైకి తీసుకెళ్లాలని నిర్ణయిస్తే, కిందికి తెచ్చే దారి కూడా అదే రోజు నిర్ణయించాలి. నిప్పు అంటుకుంటే మామూలు లిఫ్ట్ వాడకూడదు. మెట్లు దిగలేని మనిషి ఎక్కడ ఆగాలి? మెట్ల దగ్గర మంటను తట్టుకునే గోడల మధ్య కుర్చీ పట్టేంత చోటు ఉండాలి, దారికి అడ్డం కాకుండా. అక్కడినుంచి బయటివాళ్లతో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. వాళ్లను దించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసి ఉండాలి. వినపడనివాళ్లకు గంటతో పాటు మెరిసే దీపం కావాలి, ముఖ్యంగా టాయిలెట్‌లో, ఎందుకంటే అక్కడ ఒక్కరే ఉంటారు. సాధనాల దగ్గర, డిజైన్ దగ్గర ఉత్సాహం చూపించే చాలామంది ఈ విషయం దగ్గరికి వచ్చేసరికి "అప్పటికి చూద్దాం" అంటారు. మీరు ఊరుకోకండి.

ఇంత చెప్పాక ఏది ముందు అని మీరు అడుగుతారు. నా లెక్కలో గుమ్మం, కింది అంతస్తు టాయిలెట్, ఈ రెండూ కలిపి ఒకే పని. ఒకటి పూర్తిచేసి ఇంకోటి వాయిదా వేయొద్దు. టాయిలెట్ లేని చోట గంటకు మించి ఎవరూ కూర్చోలేరు. మెట్ల పట్టీలు, పిడులు, దారిలో సామాను తీసేయడం, అల్మారాల మధ్య దూరం పెంచడం లాంటివి ఈ వారంలోనే చేయొచ్చు, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్లాన్ ఖాయం చేసే ముందు చక్రాల కుర్చీ వాడే ఒకరిని, చూపు లేని ఒకరిని పిలవండి. ప్రారంభోత్సవానికి కాదు, ఇప్పుడే. వాళ్ల సమయానికి తగిన విలువ కట్టి ఇవ్వండి. నేల మీద సుద్దముక్కతో టాయిలెట్ గోడలు, కమోడ్, బేసిన్, ఆ ఐదడుగుల వలయం గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా గీయండి. కుర్చీలో ఉన్న మనిషిని ఆ గీతలు తొక్కకుండా లోపలికి వచ్చి తిరిగి వెళ్లమనండి. మీ పెద్దాయన కూడా అక్కడే ఉండేలా చూడండి. నేను ఎన్నో చోట్ల ఈ పని చేయించాను. కాగితం మీద ఎవరికీ కనపడని తప్పు ఆ సుద్దగీతల మధ్య రెండు నిమిషాల్లో బయటపడుతుంది. అప్పుడు సరిదిద్దడానికి తడిగుడ్డ చాలు.

ర్యాంప్ విషయంలోనూ అంతే. కాంక్రీటు పోయడానికి ముందు, చెక్కలు కట్టిన రోజున మీరే టేపు, లెవెల్ గొట్టం తీసుకుని వెళ్లండి. కింది అంచుకూ పై అంచుకూ మధ్య ఎత్తు కొలవండి, ఒక్కో విడత పొడవు కొలవండి, పొడవును ఎత్తుతో భాగించండి. 15 వస్తే పొయ్యమనండి. 12 కన్నా తక్కువ వస్తే ఆ రోజు పని ఆపించండి. వాలు పొడవునా ఒకేలా ఉందో లేదో మూడు నాలుగు చోట్ల చూడండి, చివర్లో హడావిడిగా ఎత్తు కలిపేయడం మామూలే. కొలతలు, గోడ పొడవు, వెనక తలుపు దగ్గర నేల ఎత్తు రాసి పంపితే బొమ్మ గీసి చెప్తాను.